చిల్మన్ వెనక కందిలి

మా తమ్ముడి కొడుకు శ్రీకాంత్ పోయిన నెలలో ఒక పొద్దున ఫోన్ చేశాడు. "అత్తా, అటక మీద ఒక పెద్ద చుట్ట దొరికింది. వెదురు పుల్లలది. మస్తు దుమ్ము పట్టింది. కూలోళ్ళు పారేస్తమంటున్రు, పారేయమనాల్నా?" అని అడిగాడు. లాల్‌దర్వాజాలో మేము పుట్టి పెరిగిన ఇంటిని పడగొట్టి అక్కడ నాలుగంతస్తులు లేపుతున్నారు. దానికి నేను అడ్డు చెప్పలేదు. గోడలంటే నాకు అంత ప్రేమ ఎప్పుడూ లేదు. కానీ వెదురు పుల్లల చుట్ట అనగానే చేతిలో ఉన్న చాయ్ కప్పు కింద పెట్టేశాను. "దాని మీద ఎవడన్న చెయ్యేస్తే ఊకోనని చెప్పు. నువ్వే పట్టుకరా" అన్నాను. సాయంత్రం దాన్ని ఆటోలో అడ్డంగా పెట్టుకుని, రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తుంటే దారిపొడుగునా తిట్లు తింటూ తెచ్చాడు. వెంట వాడి కూతురు మేఘన కూడా వచ్చింది.

ముగ్గురం కలిసి హాల్లో విప్పాం. చిల్మన్ అది. సన్నటి వెదురు పుల్లలను దారంతో దగ్గరగా అల్లి, అంచులకు ఎర్ర గుడ్డ కుట్టిన తెర. ఎర్రదనం పోయి ఇటుకపొడి రంగు మిగిలింది. ఒకటి రెండు చోట్ల పుల్లలు విరిగాయి. కింది భాగంలో, ఎడమ పక్కన, అరచెయ్యంత నల్లటి మరక. మేఘన తడిగుడ్డ తెచ్చి దాన్ని రుద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. "అది మురికి కాదే, పొగ. అట్లనే ఉండనియ్యి" అన్నాను. ఏం పొగ అని అడిగింది. కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను గానీ సగంలో శ్రీకాంత్‌కు ఎవరో ఫోన్ చేశారు, ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు. ఆ మిగిలిన సగం నా దగ్గరే ఉండిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. నా గురించి పత్రికల్లో వచ్చిన ప్రతి వ్యాసంలో ఒక అబద్ధం ఉంది, దానికి నా నవ్వే కారణం. ఇంటర్వ్యూకు వచ్చిన పిల్లలు, "మేడమ్, ఆ రోజుల్లో పాతబస్తీలో ఒక ఆడపిల్ల పాడాలంటే మీ నాన్నగారు ఎంత ప్రోత్సహించి ఉంటారో" అని వాక్యం వాళ్ళే మొదలుపెట్టి వాళ్ళే ముగిస్తారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. మర్నాడు 'తండ్రి అండతో ఎదిగిన గాయని' అని అచ్చయ్యేది. ఎనభై దాటాక ఇక ఎవరి మర్యాద కాపాడాలి? మా బాపు నన్ను ప్రోత్సహించలేదు. ఆయన చెడ్డవాడని అనడం లేదు. ఆయన మంచివాడే, నేను పాడకుండా ఉండడానికి ఒక మంచివాడు ఎంత చెయ్యగలడో అంతా చేశాడు.

మాది గుడి కొలువు చేసుకున్న కుటుంబం. మా తాత మహంకాళి గుడిలో ఉండేవాడు. ఆయన పోయాక అమ్మవారికి పూలమాలలు కట్టే పని మా నాయనమ్మకు మిగిలింది. తెల్లవారకముందే బంతి, చామంతి, మరువం గంపలో వచ్చేవి. నాయనమ్మ మా వెనక వసారా, అంటే దాలాన్‌లో గోడకు ఆనుకుని కాళ్ళు చాపి, నూలు దారాన్ని కాలి బొటనవేలికి తగిలించి, కట్టడం మొదలుపెట్టేది. వేళ్ళతోపాటు గొంతు కూడా నడిచేది. మంగళహారతులు, మేలుకొలుపులు, పెళ్ళిపాటలు, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆమెకే తెలియదు. నాకు ఇప్పటికీ మరువం వాసన తగిలితే చెవిలో పాట వినపడుతుంది. బాపు అప్పటికే లేచి ముందు గదిలో కూర్చుని ఇంగ్లీషు వాచకం పైకి చదివేవాడు. రాజ్యం మారి, సర్కారు పని ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారిన కొత్త. దఫ్తర్‌లో పదిహేనేళ్ళు ఉర్దూలో అందంగా రాసిన మనిషి, నడివయసులో పిల్లల పుస్తకం పట్టుకోవలసి వచ్చింది. తన కింది గుమాస్తాల ముందు తడబడకూడదని పొద్దున్నే గుట్టుగా చదువుకునేవాడు. ఆయన భయం అప్పుడు నాకు అర్థం కాలేదు. చేతిలో ఉన్నవన్నీ జారిపోతున్న మనిషికి ఇంటి పరువు ఒక్కటే గట్టిగా పట్టుకోవడానికి దొరికిందని ఇప్పుడు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన ఒప్పుకోను.

ఆ రెండు గదులకూ మధ్య వేలాడేది ఈ చిల్మన్. ఎవరో నవాబు గారి దేవిడీలో, ఆ పెద్ద బంగళాలో, సామాన్లు అమ్ముతుంటే మా తాత కొన్నాడట. అది ఉన్న ఇల్లు ఖాన్‌దానీ ఇల్లని, పేరున్న వంశమని బాపు నమ్మకం. మొగవాళ్ళు ముందు గదిలో కూర్చుంటే మేము వెనక దాలాన్‌లో ఉండి వాళ్ళను చూసేవాళ్ళం. వాళ్ళకు మేము కనిపించేవాళ్ళం కాదు. చిల్మన్ గుణమే అది. వెలుగు ఎటువైపు ఉంటే అటువైపు వాళ్ళు కనిపిస్తారు, చీకట్లో ఉన్నవాళ్ళు చూస్తారు. అందుకని మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. పొద్దు గూకగానే ముందు గదిలో దీపం పెట్టిన తర్వాతే వెనక దాలాన్‌లో వంటింటి వైపు దీపం పెట్టాలి. చిల్మన్‌కు దగ్గరగా మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. చిన్నప్పుడు నేను ఒకసారి కందిలి, అంటే మా ఇంటి లాంతరు, తెచ్చి అక్కడ పెడితే నాయనమ్మ ఉరికొచ్చి వత్తి తగ్గించి, నా చేతి మీద ఒకటి వేసింది. "చిల్మన్ ఎనక దీపం పెడ్తరానే? ఆడోళ్ళందరు బజాట్ల నిలవడ్డట్టే" అంది.

పాట నాకు ఒక గురువు దగ్గర రాలేదు. తర్వాత రోజుల్లో ఒకాయన నన్ను, "ఈమెకు ఒక బాణీ లేదు, నాలుగు రకాలు పాడుతుంది గాని దేనికీ కట్టుబడదు" అని రాశాడు. కట్టుబడాలంటే మా వీధిలో పుట్టకుండా ఉండవలసింది. ఒక పక్క నాయనమ్మ. ఇంకో పక్క, గోడ అవతల, నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే జులేఖా. ఆమె భర్త దర్జీ. ఆమె పుట్టిల్లు బార్కస్. పెళ్ళిళ్ళకు ఢోలక్ పాటలు పాడాలంటే నాలుగు వీధుల వాళ్ళు ఆమె కోసమే వచ్చేవాళ్ళు. ఆమె ఢోలక్ వాయిస్తుంటే పక్కన ఒకరు చెంచాతో ఆ చెక్క మీద తాళం కొట్టాలి. పాటల లోకంలో నా మొదటి ఉద్యోగం ఆ చెంచా. ఆమెది కొంచెం బొంగురు గొంతు, పాట మధ్యలో నవ్వితే ఆ నవ్వు కూడా తాళంలోనే పడేది. "మూ ఖోల్ కే గా, పోరీ. ఐసా కైకూ డర్‌రీ?" అని నా గడ్డం పట్టుకుని పైకెత్తేది. నోరు తెరిచి పాడమని, భయమెందుకని. భయపడుతూ పాడితే ఆమెకు కోపం వచ్చేది.

మూడో మనిషి డేవిడ్ మాస్టారు. ఛత్రినాకలో పెళ్ళి బ్యాండు నడిపేవాడు. తెల్లవాళ్ళున్న రోజుల్లో సికింద్రాబాద్ నాచ్ ఇళ్ళల్లో, అంటే డాన్సు హాళ్ళలో, క్లారినెట్ వాయించిన మనిషి. నన్ను జొన్నలు పట్టించుకు రమ్మని గిర్నీకి పంపేవాళ్ళు. గిర్నీ పక్కనే ఆయన బ్యాండు దుకాణం. మేకులకు వేలాడే ఎర్ర కోట్లు, చింతపండుతో తోమిన ఇత్తడి బాకాల పులుపు వాసన. జొన్నలు పిండి అయ్యేలోపు నేను అరుగు మీద కూర్చుని ఆయన ఇంగ్లీషు నాచ్ పాటలు వాయిస్తుంటే వెంట పాడేదాన్ని. అర్థం ఆయనకూ పూర్తిగా తెలియదు, నాకు అసలే తెలియదు. "గొంతుల కెళ్ళి కాదు పాపా, కడుపుల కెళ్ళి తీయి. నవ్వుకుంట తీయి" అనేవాడు. జడలో పిండితో ఇంటికొచ్చేదాన్ని. పిండి ఇంత ఆలస్యంగా ఎందుకు పట్టారని అమ్మ అడిగితే, మస్తు మంది ఉన్నారని చెప్పేదాన్ని. అమ్మకు తెలుసు. తెలిసీ ఎప్పుడూ నన్నే గిర్నీకి పంపేది.

ఇదంతా గోడల మధ్య ఉన్నంతకాలం ఎవరికీ ఫికర్ లేదు. గోడ దాటించింది ఒక మైకు సెట్టు. మేము అప్పుడు అద్దెకున్న ఇంటి యజమాని బట్టల సేటు, దాన్ని మా తమ్ముడు కొన్నది చాలా ఏళ్ళ తర్వాత. ఆయన కూతురి పెళ్ళి పక్క వీధిలో జరిగింది. సన్నాయి వాళ్ళ ముందు మైకు పెట్టి, మేడ మీద పెద్ద బాకా కట్టారు. సన్నాయి వాళ్ళు భోజనానికి లేస్తూ మైకు తీసి పక్కనున్న కిటికీలో పెట్టి పోయారు. దాన్ని ఆపాలని మైకు మనిషికి తోచలేదు, ఆయనా విస్తరి ముందు కూర్చున్నాడు. ఆ కిటికీకి ఇవతల ఆడవాళ్ళం. వియ్యపురాళ్ళను ఆట పట్టించే పాటలు మొదలయ్యాయి. ఆ రోజు నాకు పూనకం వచ్చినట్టే అయింది. పెళ్ళికొడుకు మేనత్త నడకను ఢోలక్ పాటలో పెట్టాను, వాళ్ళ నాయనమ్మ గొణుగుడును హారతి బాణీలో పాడాను, పెళ్ళికొడుకు కొత్త బూట్లను డేవిడ్ మాస్టారి నాచ్ పాట బాణీలో కట్టి గొంతు మార్చి పాడాను. లోపల ఆడవాళ్ళు కడుపులు పట్టుకుంటున్నారు. బయట లాల్‌దర్వాజా మొత్తం వింటోంది. భోజనాల బంతిలో కూర్చున్న బాపు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేశాడట. పక్కనున్న దఫ్తర్ మనిషి, "సేటు మస్తు ఖర్చు వెట్టిండు. ఐదారుగురు పాటకత్తెలను పిలిపిచ్చినట్టున్నడు" అన్నాడట. బాపు ఒక్కడికే తెలుసు, అవన్నీ ఒక్క గొంతని. లోపలున్న ఆడవాళ్ళు మా మీద ప్రేమతో నోరు విప్పలేదు. పాటల ముఠా ఎక్కడినుంచో వచ్చి పోయిందని మొగవాళ్ళు నమ్మారు, తన ఇంటి ఆడవాళ్ళే పిలిపించారనుకుని సేటు కూడా నమ్మాడు.

ఇంటికొచ్చాక బాపు అరవలేదు. ఆయన అరిచే మనిషి కాదు. టోపీ తీసి మేకుకు తగిలించి, నా వైపు చూడకుండా అన్నాడు: "నా బిడ్డ గొంతు ఈ దినం హోటళ్ల చాయ్ తాగేటోడు గూడ విన్నడు. ఇజ్జత్ ఒక్కపారి పోతే మళ్ళ రాదు."

"మంచిగున్నదన్నరా, లేదా?" అన్నాను నేను.

అమ్మ గబుక్కున నా నోటి మీద చెయ్యి పెట్టింది. ఆ రోజు నుంచి జులేఖా ఖాలా ఇంటికి పోవడం బంద్, గిర్నీకి పోవడం బంద్. పొద్దున నాయనమ్మ పక్కన కూర్చుని మాలలకు పూలు అందించవచ్చు, కానీ పెదవి కదపకూడదు. ఇరవై రోజులు అట్లా గడిచాయి. పాడకుండా ఇరవై రోజులు ఉండడం అంటే ఏమిటో పాడేవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేను. నాకు అన్నం సయించలేదు, నిద్రలో పళ్ళు కొరికేదాన్నట.

ఇరవై ఒకటో రోజో, ఆ తర్వాతో, మా వీధి గ్రంథాలయం కార్యదర్శి వచ్చాడు. బడిలో లెక్కల పంతులు. ఆ పెళ్ళిలో ఆయన భార్య లోపల మాతో కూర్చుంది కాబట్టి అసలు సంగతి ఆయనకు చేరింది. గ్రంథాలయం వార్షికోత్సవంలో పాట కచేరీ పెట్టాలని, అధ్యక్షుడు బట్టల సేటు ఆ పెళ్ళిపాటల వాళ్ళనే పిలవమన్నాడని, ఇట్లా మెల్లగా చెప్పుకొచ్చాడు. మేముండే ఇల్లు సేటుది. బాపు కాదనలేడు, ఔననలేడు. నేను చిల్మన్ వెనక నిలబడి ఆయన మొహం చూస్తున్నాను. బాపు వేళ్ళు మడిచి లెక్కపెడుతూ అన్నాడు, "మూడు మాటలు సారూ. పిల్ల చిల్మన్ ఎనకనే కూసోవాలె. మా అమ్మ పక్కకుండాలె. పేరు మాత్రం చెప్పొద్దు. పిల్ల పేరు గాని, నా పేరు గాని."

"పేరు లేకుంట ఏమని చెప్పాలె సాబ్?"

"ఏమన్న చెప్పున్రి. నలుగురు అక్కజెల్లెండ్లని చెప్పున్రి. మా ఇంట్ల ఒక్కతే గద, ఎవరికి అనుమానం రాదు."

నేను తెర వెనక నుంచే అడిగాను. "మరి పాట ఎవరు పాడిన్రనుకోవాలె బాపు?"

"దేవుడు పాడిండనుకుంటరు" అన్నాడు ఆయన.

"దేవుని గొంతు పట్టుకపోతే మిరియాల కషాయం నేనెందుకు తాగాలె?" అన్నాను. పంతులు దగ్గినట్టు నటించి నవ్వు మింగాడు. బాపు లేచి లోపలికి రాలేదు, అదే ఆశ్చర్యం. కచేరీ అయ్యాక నేను మళ్ళీ పాట పేరెత్తకూడదని మాత్రం చివర్లో అన్నాడు. అంటే నేను పాడేది ఒక్క సాయంత్రం, అదీ ఎవరో తెలియకుండా, ఆ తర్వాత జన్మంతా పూలు అందించడం.

మర్నాడు పొద్దున మాలలు కడుతూ నాయనమ్మను అడిగాను. పేరు లేకుండా పాడితే ఏం పోయిందని అందరూ అంటున్నారు, నువ్వేమంటావని. ఆమె దారం సాగదీసి బిగించుకుంది. పూవు వెంట పూవు ముడి వేస్తూ పోయింది. తర్వాత మామూలుగా, ఏదో కూర సంగతి చెప్తున్నట్టు చెప్పింది. "గుడిల ఆడోళ్ళతోని కలిసి యాభై ఏండ్లు పాడిన. మీ తాత ఉన్నప్పటి సంది. ఒక పండుగకు జరమొచ్చి పోలే. తెల్లారి అడిగిన, పాటెట్లున్నదని. మంచిగనే ఉండె అన్నరు. నేను లేనని ఒక్కళ్ళకన్న తెల్వలే." అంతే. దారం తెంచి మాల చివర ముడి వేసి గంపలో పెట్టింది. ఆ మాట విన్న తర్వాత నాకు బాపు మీద కోపం కన్నా ఏదో పెద్ద కోపం పుట్టింది. అది ఇప్పటికీ ఉంది. నా గొంతును ఇన్నేళ్ళు నడిపింది అదే అనుకుంటాను.

వార్షికోత్సవం బడి ఆవరణలో జరిగింది. బల్లలు కలిపి వేదిక కట్టారు. మా ఇంటి చిల్మన్‌నే తెచ్చి రెండు గుంజల మధ్య కట్టారు. ముందు రెండు కరెంటు బుగ్గలు వేలాడదీశారు. తెర వెనక నేను, పక్కన నాయనమ్మ. ఇంటికి తిరిగి పోయేటప్పుడు దారి కనపడాలని ఆమె తన కందిలి తెచ్చుకుంది. వత్తి పూర్తిగా తగ్గించి, ముత్యమంత వెలుగుతో తన వెనక దాచి పెట్టింది. తెర అవతల డేవిడ్ మాస్టారు క్లారినెట్‌తో, ఇంకొకాయన ఢోలక్‌తో కూర్చున్నారు. జంపఖానాల మీద మొగవాళ్ళు, చుట్టూ మిద్దెల మీద ఆడవాళ్ళు. అప్పుడే పొద్దు గూకుతోంది. రెండో వరసలో బాపు టోపీ పెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టి కూర్చున్నాడు. ఆయన నాకు స్పష్టంగా కనిపిస్తున్నాడు. నేను ఆయనకు కనిపించను.

మొదట హారతి పాడాను, నాయనమ్మ గొంతుతో. పంతులు లేచి, "లాల్‌దర్వాజా సోదరీమణులలో పెద్ద సోదరి" అన్నాడు. తర్వాత ఢోలక్ పాట, జులేఖా ఖాలా బొంగురుతో, నవ్వుతో సహా. "రెండవ సోదరి" అన్నాడు. ముందు వరసలో ఒకాయన పక్కవాడితో, "ఈమె తెలుగామె కాదు భాయ్, ఎవరో బేగం సాబ్" అనడం వినిపించింది. డేవిడ్ మాస్టారి నాచ్ పాట పాడితే ఇంకొకాయన, "గీమె సికింద్రాబాద్ మిషన్ బడిల చదివింది, నాకు ఎరుకే" అన్నాడు. మూడో చెల్లెలికి అందరికన్నా ఎక్కువ చప్పట్లు వచ్చాయి. నాకు ఆ మూడో చెల్లెలి మీద అసూయ పుట్టింది. నవ్వకండి, నిజం. నేను చేసిందంతా తీసుకెళ్ళి లేని మనుషులకు పంచిపెడుతున్నారు. ఇంకొక్క పాట అయితే నాలుగో చెల్లెలు కూడా తన వాటా తీసుకుని వెళ్ళిపోతుంది, నాకు ఏమీ మిగలదు.

నాలుగోది బోనాల పాట. దాన్ని మెల్లగా పాడడం కుదరదు. గొంతెత్తి మొదలుపెట్టాను, ఢోలక్ ఊపందుకుంది, రెండో చరణంలో ఉండగా కరెంటు పోయింది. మైకు గుడ్లు తేలేసింది. ఆవరణంతా చీకటి. ఆ రోజుల్లో అది మామూలే, కానీ జనం మామూలుగా ఊరుకోలేదు. ఈలలు, లొల్లి. మిద్దెల మీద పిల్లలు ఏడుపు. పంతులు చీకట్లో నిలబడి, "కూసోన్రి, కూసోన్రి. కచేరీ అయిపోయింది. సోదరీమణులు ఇండ్లకు పోవాలె" అని అరుస్తున్నాడు.

నాయనమ్మ చెయ్యి వెంటనే కందిలి మీదికి పోయింది. ముందు చీకటి, వెనక దీపం. ఆ ముత్యమంత వెలుగు కూడా ఆర్పెయ్యాలని ఆమె వేళ్ళకు యాభై ఏళ్ళుగా తెలుసు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"తగ్గించకు నాయనమ్మా. పెంచు."

"కనపడ్తవే" అంది ఆమె, గుసగుసగా.

"కనపడాలె."

చిన్న వెలుగులో ఆమె మొహం సగమే కనిపిస్తోంది. నా వైపు చూసింది. ఆ తర్వాత కందిలిని తన వెనక నుంచి తీసి, మా ఇద్దరికీ ముందు, చిల్మన్‌కు ఆనుకునేంత దగ్గరగా పెట్టింది. పెట్టి వత్తి పెంచింది. ఎంత పెంచిందంటే గ్లాసు పొగచూరింది, పొగ పోయి వెదురు పుల్లలకు తగిలింది. నాకు అప్పటిదాకా కనిపించిన జనం, వరసలు, బాపు, అంతా ఒక్కసారి చీకట్లో కలిసిపోయారు. నా ఎదుట వెలుగు పడ్డ పుల్లలు తప్ప ఏమీ లేదు. వాళ్ళు నన్ను చూస్తున్నారని మాత్రం తెలిసింది, ఎందుకంటే లొల్లి ఆగిపోయింది. రెండు జడల బక్క పిల్ల, పక్కన ఒక ముసలామె. ఇంకెవరూ లేరు.

"కడమోళ్ళేరి?" అని ఎవరో అడిగారు.

"కడమోళ్ళు లేరు. నలుగురు నేనే" అన్నాను. "నా పేరు ప్రమీల. నమ్మకుంటే వినున్రి."

మైకు లేదు. కడుపులోంచి తీశాను. హారతిలో ఒక వరస, ఆగకుండా ఢోలక్ పాటలో ఒక వరస, ఆ నవ్వుతో సహా, దాని వెంటనే నాచ్ పాట. మిద్దె మీది నుంచి జులేఖా ఖాలా గొంతు వినిపించింది. "హమారీచ్ పోరీ హై వో. చెంచా మైచ్ దియ్యూం ఉసే." మా పిల్లే అది, చెంచా ఇచ్చింది నేనే అని. ఎవరో నవ్వారు. డేవిడ్ మాస్టారి క్లారినెట్‌కు కరెంటుతో పని లేదు, అది నా వెంట పడింది. ఆ ఊపులోనే బోనాల పాట ఆగిన చరణం దగ్గర అందుకుని, చివరిదాకా పాడాను. సగంలో పక్క నుంచి ఇంకో గొంతు కలిసింది. నాయనమ్మది. గుంపులో కాదు, నాతో, ఆ వెలుగులో కూర్చుని.

ఆ చీకట్లో నేను ఢోలక్ పాట వరస అందుకోగానే బాపు లేచి వెళ్ళిపోయాడని తర్వాత చెప్పారు. నాకు వెలుగులో కనపడలేదు. కనబడి ఉంటే ఆగేదాన్నా అని చాలాసార్లు నన్ను నేనే అడిగాను. ఆగేదాన్ని కాదు.

మేము ఇంటికి పోయేసరికి ఆయన ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. ఇంగ్లీషు వాచకం పక్కన మూసి ఉంది. నా వైపు చూడలేదు, వాళ్ళమ్మను అడిగాడు. "వత్తి ఎవరు పెంచిన్రు?"

నేను నోరు తెరిచాను. నాయనమ్మ నన్ను వెనక్కి నెట్టింది. "నేనే పెంచిన."

"చిల్మన్ ఎనక దీపం పెట్టొద్దని మాకందరికి చెప్పింది నువ్వే గద."

"చెప్పిన" అంది ఆమె. "ఇయ్యాల పెట్టిన గూడ." కందిలి గ్లాసు తీసి కొంగుతో మసి తుడుచుకుంటూ లోపలికి పోయింది.

మర్నాడు బడి నుంచి వచ్చిన చిల్మన్‌ను బాపు మళ్ళీ దాలాన్‌కు కట్టలేదు. మరక వైపు కొంచెంసేపు చూసి, తానే చుట్టి, తాడు బిగించి, అటక మీద పెట్టాడు. సిగ్గుపడి పెట్టాడో, ఇక దీనితో పని లేదని ఒప్పుకుని పెట్టాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా ఇంట్లో రెండు గదుల మధ్య ఆ తర్వాత ఏమీ వేలాడలేదు. నేను వారం తిరగకుండానే జొన్నల గంప ఎత్తుకుని గిర్నీకి పోయాను. ఎవరూ ఆపలేదు. రేడియోలో పాడాను, ఆర్కెస్ట్రాలో పాడాను, పెద్ద హోటల్‌లో నాచ్ పాటలు పాడాను, సబ్బుకూ పళ్ళపొడికీ పాడాను, బోనాల క్యాసెట్లు పాడాను, ఖవ్వాలీ పాడాను. ప్రతిచోటా ముందుగా ఒకే షరతు పెట్టాను, నా పేరు పాటకు ముందే చెప్పాలని. బాపు ఎన్నడూ నా కచేరీకి రాలేదు. ఆయన పోయాక బీరువాలో నా పేరున్న పత్రికల ముక్కలేవో దొరుకుతాయని అందరూ ఎదురుచూశారు. ఏమీ దొరకలేదు. దొరికినట్టు రాస్తే కథ బాగుంటుంది, కానీ నేను రాయను. ఆయన తన మాట మీద నిలబడ్డాడు, నేను నా మాట మీద నిలబడ్డాను. మేమిద్దరం ఒకే ఇంటి మనుషులం మరి.

ఇప్పటి సంగతి. ఆ రోజు ఒక పిల్ల నాలుగు గొంతులతో పాడితే నమ్మలేదు. ఇప్పుడు టీవీలో నలభై మంది పిల్లలు ఒకే గొంతుతో పాడుతుంటే ఎవరికీ అనుమానం రాదు. అయినా వాళ్ళ పేర్లు పెద్ద అక్షరాల్లో పడుతుంటే నాకు కడుపు నిండుతుంది. పాట తర్వాత సంగతి, ముందు పేరు పడనీ అనుకుంటాను. లోకం మారిందని నమ్ముతూ కూర్చున్నాను, మొన్న తండ్రితో మళ్ళీ వచ్చినప్పుడు మేఘన ఫోన్ చూపించేదాకా. ఆ పిల్ల పాడుతుంది. నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఒక ఛానల్ పెట్టుకుంది, దాన్ని వేలమంది వింటున్నారు. అందులో కిటికీ మీద వాన కనిపిస్తుంది, చాయ్ కప్పు కనిపిస్తుంది, మనిషి కనిపించదు. పేరు లేదు, ఏదో పిట్ట పేరు పెట్టుకుంది. ఎందుకని అడిగితే, "సంబంధాలు చూస్తున్నరు గద. వాళ్ళకు ఇష్టముంటదో ఉండదో. ఎందుకొచ్చిన లొల్లి అని డాడీ అన్నడు. నాక్కూడా ఇట్లనే కంఫర్ట్" అంది. శ్రీకాంత్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. వాడు మంచివాడు. మా బాపు అంత మంచివాడు.

వాళ్ళు వెళ్ళాక వడ్రంగిని పిలిపించి, చిల్మన్‌ను నా హాల్లో అడ్డంగా కట్టించాను. మరక కింద ఎడమ పక్కన, సరిగ్గా అప్పటి చోటే వచ్చేట్టు. నాయనమ్మ కందిలి లేదు, అది ఎప్పుడో పోయింది. చార్మినార్ దగ్గర ఒకటి కొనుక్కొచ్చుకున్నాను, కిరసనాయిలు దొరకడమే కష్టమైంది. మేఘనకు ఫోన్ చేసి ఆదివారం పొద్దు గూకే వేళకు రమ్మన్నాను. ఏం పాడాలి, ఎంత పాడాలి అన్నది ఆ పిల్ల ఇష్టం. పేరు చెప్పుకోవాలా వద్దా అన్నదీ తన ఇష్టమే, నేను బలవంతం పెట్టను. నాయనమ్మ కూడా నన్ను బలవంతం పెట్టలేదు. హాల్లో లైట్లన్నీ ఆర్పేసి, తెర వెనక తన పక్కన కూర్చుంటాను. పెంచమంటే, వత్తి నేను పెంచుతాను.